ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషలో వందల సీఎస్‌వీ ఫైళ్లను ఒకే టేబుల్‌గా కలపడం: నా అనుభవం

విడిగా చదివితే ప్రతి ఫైలూ బాగానే ఉంటుంది. డీప్లయర్ (dplyr) ప్యాకేజీలోని బైండ్_రోస్‌తో (bind_rows) కలపబోతే మాత్రం, ఒకే కాలమ్ ఒకచోట నంబరు, మరోచోట అక్షరాలు అంటూ ఎర్రర్. ఫర్ లూప్, ఫైళ్లను చేత్తో సవరించడం, ఏదీ నిలబడలేదు.

ముందు లిస్ట్.ఫైల్స్‌తో ఫైళ్ల జాబితా తీసుకోవాలి; అందులో ఫుల్.నేమ్స్ ట్రూ పెట్టకపోతే వేరే ఫోల్డర్‌లోని ఫైళ్లు తెరుచుకోవు. ఆ జాబితాకు సెట్‌నేమ్స్‌తో ఫైళ్ల పేర్లు తగిలించాలి. తర్వాత ప్రతి ఫైలునూ చదవడానికి ఎల్‌అప్లైలో (lapply) రీడ్.సీఎస్‌వీ, కోల్‌క్లాసెస్ "కారెక్టర్"గా, అంటే అన్ని కాలమ్‌లూ అక్షరాలుగానే. కీలకం ఇదే: ఏ ఫైలుకు ఆ ఫైలుగా రకాన్ని ఊహించే అవకాశమే ఉండదు. అప్పుడు .ఐడీ ఇచ్చి బైండ్_రోస్ చేస్తే ఏ వరస ఏ ఫైలుదో కూడా తెలుస్తుంది. కాలమ్‌ల రకాలు నిర్ణయించడం చివర్లో ఒక్కసారే, టైప్.కన్వర్ట్‌తో (యాజ్.ఈజ్ ట్రూ).

జాగ్రత్త, అది 007ను 7 చేసేస్తుంది. కోడ్ నంబర్ల కాలమ్‌లను దానికి ఇవ్వకండి. కాలమ్ పేర్లే ఫైలుకో రకంగా ఉంటే ఈ పద్ధతి సరిపోదు, ముందు పేర్లు సరిచేయాలి.