వానాకాలంలో మన్యం అడవులకు బైకుపై వెళ్లి పాములను, బల్లులను వెతికేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాల తొలి వానలు పడగానే తూర్పు కనుమలలో కప్పలు బయటికి వస్తాయి, వాటిని వెతుక్కుంటూ పాములూ బయటికి వస్తాయి. అందుకే జూన్ నుంచి అక్టోబరు వరకు రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, పాడేరు పరిసరాలకు సరీసృపాలపై ఆసక్తి ఉన్న యువకులు కెమెరాలు తగిలించుకుని బైకులపై బయలుదేరుతుంటారు. వారి ఆసక్తి వృథా కాదు. బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి 19వ శతాబ్దంలో జయపురం కొండల నుంచి వర్ణించిన ఒక నేలబల్లి, ఆ తరువాత 130 ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉండి, ఒడిశా, ఉత్తరాంధ్ర కొండలలో మళ్లీ కనిపించింది. గిరినాగు (కింగ్ కోబ్రా) నేటికీ ఈ అడవులలో ఆకులు పోగుచేసి గూడు కట్టుకుని గుడ్లు పెడుతున్నది. చూడవలసినది ఇంకా ఎంతో ఉన్న ప్రాంతం ఇది.

అయితే ఇటువంటి ప్రయాణానికి సిద్ధమయ్యేవారు భయపడవలసిన దానికి భయపడటం లేదని నా అభిప్రాయం. అందరి ఆలోచనా పాము చుట్టూనే తిరుగుతుంది. వాస్తవానికి ప్రాణం తీసేది చాలా సందర్భాలలో పాముకూ ఆసుపత్రికీ మధ్యనున్న దూరమే. కాలినడకన వెళ్లినవాడు రెండు మూడు గంటలలో ఎంత లోపలికి వెళ్లగలడో అంత దూరానికే పరిమితమవుతాడు. బైకు అదే సమయంలో మనిషిని ముప్పై నలభై కిలోమీటర్లు అడవి లోపలికి తీసుకుపోతుంది. గాయపడిన మనిషిని అంత తేలికగా వెనక్కి తీసుకురావటం సాధ్యం కాదు. కనుక ఎంత దూరం వెళ్లగలమన్నది కాక, చేయి వాచి, రెప్పలు వాలిపోతున్న మనిషిని ఎక్కడి నుంచి ఎంతసేపటిలో తేగలమన్నదే ప్రయాణానికి కొలత కావాలి. ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నీ ఆ కొలతకు లోబడి చెప్పినవే.

ముందుగా అనుమతుల సంగతి తేల్చుకోవాలి. పాపికొండలు జాతీయ ఉద్యానం. అక్కడ గాని, అభయారణ్యాలలో గాని అటవీశాఖ అనుమతి లేకుండా తిరగటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లాలన్నా ఆ డివిజన్ అటవీ అధికారి కార్యాలయంలో ముందుగా అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. నల్లమలకు వెళ్లదలచినవారు మరొకటి గుర్తుంచుకోవాలి. పులుల అభయారణ్యాలలో జూలై నుంచి సెప్టెంబరు వరకు సందర్శన నిలిపివేస్తారు. దోర్నాల, మన్ననూరు వైపు అటవీ చెక్‌పోస్టులలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. పాములు రాత్రివేళ తిరుగుతాయి కదా అని ఆ సమయంలో అడ్డదారిన లోపలికి వెళ్లటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. చట్టంలో వేట అంటే చంపటం ఒక్కటే కాదు, పట్టుకోవటం కూడా వేటే. సరీసృపాల గుడ్లను, గూళ్లను కదిలించటం సైతం అందులోకే వస్తుంది. ఉడుము, కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉన్న జంతువులు. ఫొటో కోసం ఉడుమును తోకపట్టి లాగినవాడు చట్టం దృష్టిలో వేటగాడే అవుతాడు. గంజాయి రవాణాపై నిఘా కారణంగా మన్యం రోడ్లలో బైకులను ఆపి సోదా చేయటం మామూలు విషయం కనుక, బండి కాగితాలు, లైసెన్సు, గుర్తింపు కార్డు, అనుమతి పత్రం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి దగ్గర ఉంచుకోవాలి.

ఒంటరిగా ఎన్నడూ వెళ్లకూడదు. ఇద్దరు కూడా చాలరు. కనీసం ముగ్గురు మనుషులు, రెండు బళ్లు ఉండాలి. కాటుకు గురైనవాడు బండి నడపకూడదు, వెనుక కూర్చున్నా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి, కాబట్టే ముగ్గురు అవసరం. స్థానికంగా అడవి తెలిసిన కొండరెడ్డి లేదా కోయ గిరిజనుడొకరిని తగిన కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్లటం అన్నిటికంటే మంచి పద్ధతి. ఏ వాగు ఏ వానకు పొంగుతుందో, ఏ గుట్టలో ఎలుగుబంటి పిల్లలతో ఉన్నదో ఆయనకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పలేదు. అడవి పందుల కోసం కొందరు పొలం గట్ల వెంట దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతారు, నాటుబాంబులు పెడతారు. చీకటిలో ఆ తీగ తగిలితే బతకటం కష్టం. రాత్రి ఏ దారిన నడవవచ్చునో, ఏ దారిన నడవకూడదో సమీప గ్రామంలో పగటిపూటే అడిగి తెలుసుకోవాలి, ఆ మాటను తప్పక పాటించాలి.

ఫోను సిగ్నలు ఘాట్ రోడ్డు దాటి లోపలికి వెళ్లాక ఉండదనే అనుకోవాలి. వెళ్లే దారి, తిరిగి రావలసిన వేళ, ఎంతసేపు ఆలస్యమైతే వెతకటానికి బయలుదేరాలో ఒక కాగితంపై రాసి, బస చేసిన చోట గాని, గ్రామంలో నమ్మకమైన వారి దగ్గర గాని ఉంచాలి. ప్రయాణానికి ముందురోజే దారిలోని ఆసుపత్రులకు ఫోను చేసి, పాము విరుగుడు మందు ఉన్నదా, రాత్రి వైద్యుడు ఉంటారా, ఊపిరి అందించే పరికరం ఉన్నదా అని అడగాలి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో మందు లేకపోతే రంపచోడవరమో, భద్రాచలమో, రాజమహేంద్రవరమో ఎటు పోవాలన్నది అప్పటికే నిర్ణయమై ఉండాలి. కాటు పడిన తరువాత కూర్చుని చర్చించుకునే వ్యవధి ఉండదు.

బండి విషయానికి వస్తే, ఈ దారులకు బరువైన పెద్ద బైకు కంటే 100 నుంచి 150 సీసీ బండి మేలు. బురదలో పడితే ఒక్కడే లేపగలడు, ఏ సంత ఊరిలోనైనా మెకానిక్ దొరుకుతాడు. బయలుదేరే ముందు రెండు టైర్ల గాడులు, బ్రేకు షూలు, గొలుసు బిగువు చూసుకోవాలి. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ప్లగ్గు, ట్యూబు లేదా పంక్చర్ కిట్టు, చేతి పంపు వెంట ఉండాలి. వాటిని మార్చటం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకుని ఉండాలి. పెట్రోలును మూడు భాగాలుగా లెక్కించి, ఒక భాగం వెళ్లటానికి, ఒకటి రావటానికి, మూడవది ఆపదకు అని ఉంచుకోవటం సరైన పద్ధతి. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి గాని, న్యూట్రల్‌లో గాని దిగటం అత్యంత ప్రమాదకరం. ఎక్కటానికి ఏ గేరు వేస్తామో దిగటానికీ ఆ గేరులోనే ఉండాలి. రాలిన వెదురు ఆకులు, కల్వర్టులపై పట్టిన నాచు తడిసినప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

వాగుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మన్యంలో మనమున్న చోట ఎండ కాస్తూండగానే పై కొండలో పడిన వాన కొద్ది నిమిషాలలో కిందికి దిగుతుంది. నీరు ఒక్కసారిగా ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా, హోరు పెరిగినా దాటే ఆలోచన మానుకుని ఎత్తైన చోటికి పోవాలి. మామూలుగా ఉన్నప్పుడు కూడా ముందు ఒకరు కర్రతో నడిచి దాటి, అడుగున బండరాయి ఉన్నదో బురద ఉన్నదో చూడాలి. మోకాలు మునిగే నీటిలోకి బండి దింపకూడదు. నీటిలో ఇంజను ఆగిపోతే వెంటనే స్టార్టు చేయటానికి ప్రయత్నించకుండా బయటికి తోసి, లోపలికి నీరు చేరలేదని నిర్ధారించుకున్నాకే ప్రయత్నించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఉదయం దాటిన వాగు సాయంత్రం దాటనివ్వకపోవచ్చు. తిరుగుదారిలో వాగు ఉన్నదంటే, మధ్యాహ్నానికి మబ్బు పట్టగానే వెనుదిరగాలి, అప్పటికి ఏమీ కనిపించకపోయినా సరే.

చీకటి పడ్డాక తారురోడ్డుపై, చుట్టూ ఉన్న నేల చల్లారినా, పగటి వేడి కొంతసేపు నిలుస్తుంది. ఆ వెచ్చదనానికి పాములు రోడ్డుపైకి వస్తాయి. మనం వెతుకుతున్న ప్రాణిని మన చక్రమే నలిపివేయటం కంటే విచారకరం మరొకటి లేదు. అనుమతి ఉన్న దారిలోనైనా గంటకు 20 కిలోమీటర్లు మించకుండా పోవాలి. రోడ్డు మీద పాము కనిపిస్తే బండిని పక్కకు ఆపి, వెనుక వచ్చే వాహనాలకు లైటుతో హెచ్చరిక ఇచ్చి, అది తనంతట తాను దాటిపోయేదాకా నిలబడటమే చేయవలసినది.

బండి దిగి నడిచేటప్పుడు మడమల పైదాకా వచ్చే తోలు బూట్లు లేదా గమ్ బూట్లు, దళసరి ప్యాంటు వేసుకోవాలి. పాముకాట్లలో ఎక్కువ భాగం పాదాల మీద, పిక్కల మీదనే పడతాయి. తలకు కట్టుకునే లైటుతో పాటు చేతిలో మరొక లైటు ఉండాలి. కంటికి కనబడని చోట చేయి గాని, కాలు గాని పెట్టకూడదన్న నియమం ఒక్కటి పాటించినా చాలా కాట్లు తప్పుతాయి. బల్లుల కోసం రాళ్లు తిరగేసే అలవాటును నేను మెచ్చను. రాయి కింద కట్లపామో తేలో ఉండవచ్చు; అంతేకాక తిరగేసిన రాయిని సరిగా యథాస్థానంలో పెట్టకపోతే దాని కింది తేమ పోయి, ఆ చోటు మళ్లీ ఏ ప్రాణికీ పనికిరాదు. వెదురు పొదలలో ఆకుపచ్చ పింజరి కంటి ఎత్తున కొమ్మపై కదలకుండా ఉంటుంది కాబట్టి పొదలలోకి తల దూర్చేముందు లైటుతో పైకి చూడాలి. ఫొటో తీసేవారు ఏ పాముకైనా దాని పొడవుకు మించిన దూరంలో ఉండాలి. గిరినాగు విషయంలో ఇది నాలుగు అయిదు మీటర్లు. సెల్‌ఫోనుతో దగ్గరికి వెళ్లి తీసే ఫొటో ఎంత బాగా వచ్చినా ఆ సాహసానికి తగిన విలువ దానికి ఉండదు. పాములను పట్టే కొక్కెం వెంట తీసుకువెళ్లకూడదు. అది చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది.

రాత్రి నేల మీద పడుకోకూడదు. కట్లపాము నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది. ఆ కాటు నొప్పి పుట్టదు, గాటు కూడా సరిగా కనబడదు. మంచం, దాని కింద దోపిన దోమతెర రెండూ ఉండాలి. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలటం కనిపిస్తే, ఏదీ కరిచిన గుర్తు లేకపోయినా పాముకాటుగానే భావించి బయలుదేరాలి. ఉదయం బూట్లు, హెల్మెట్ దులిపి వేసుకోవాలి, బండి సీటు కింద, ఇంజను పక్కన చూసిన తరువాతే ఎక్కాలి.

కాటు పడితే చేయవలసినవి కొద్దిగానే ఉన్నాయి, చేయకూడనివి ఎక్కువ. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు సగటున ఏటా 58,000 మంది పాముకాటుతో మరణించారని ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. వీరిలో చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోయారు. తాడు బిగించి కట్టటం, గాటు పెట్టటం, నోటితో పీల్చటం, పసరు పోయటం ఇవన్నీ హాని చేస్తాయి, సమయాన్నీ తినేస్తాయి. ఉంగరం, వాచీ, బూటు తీసివేసి, కాటు పడిన కాలును లేదా చేతిని కర్రబద్దతో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్పి, నడిపించకుండా బయలుదేరాలి. పామును చంపి తీసుకువెళ్లే ప్రయత్నం రెండవ కాటుకు దారితీస్తుంది. సిగ్నలు అందగానే 108కి చెప్పి అంబులెన్సు ఎదురువచ్చే చోటు ఖరారు చేసుకోవాలి. ఏజెన్సీలో బైకు అంబులెన్సులు కూడా నడుస్తున్నాయి.

బైకు ఇక్కడ నిజంగా ప్రాణం నిలబెట్టగలదు. ఆగ్నేయ నేపాల్ గ్రామాలలో స్వచ్ఛంద సేవకులు పాముకాటు బాధితులను మోటారుసైకిళ్లపై వేగంగా చేరవేయటం, ప్రజలకు అవగాహన కల్పించటం మొదలుపెట్టాక కాటు పడినవారిలో మరణాలు 10.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాయి. నడిపేవాడికీ వెనుక పట్టుకునేవాడికీ మధ్య బాధితుణ్ణి కూర్చోబెట్టడమే పద్ధతి. స్పృహ తప్పినవారిని మాత్రం ఇలా తీసుకురాకూడదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు దగ్గర ఉండి, మరొకరు జీపు కోసం వెళ్లాలి.

మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు పాముల విషానికే తయారైనది. గిరినాగు విషానికి గాని, వెదురు పొదల పింజరి విషానికి గాని అది ఉద్దేశించినది కాదు. గిరినాగు కాటుకు ఊపిరి ఆగకుండా యంత్రంతో నిలబెట్టటమే ప్రధాన ఆధారం, ఆ సౌకర్యం మన్యం లోపల అరుదు. గిరినాగును చూడటానికి వెళ్లేవారు ఈ ఒక్క వాస్తవాన్ని బట్టే తమ దూరాన్ని నిర్ణయించుకోవాలి.

తిరిగి వచ్చాక ఫొటోలలోని జీపీఎస్ వివరాలు తొలగించి, జిల్లా పేరుకు మించి చోటు చెప్పకపోవటం మంచిది. అరుదైన బల్లులు, తాబేళ్ల జాడలు దొంగ రవాణాదారులకు అలాగే అందుతున్నాయి. తరువాతి నెల రోజులలో జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకూడదు. మన్యంలో మెదడుకు ఎక్కే రకం మలేరియా ఉన్నది. పొదలలో తిరిగినవారికి చిన్న పురుగు కాటు వల్ల స్క్రబ్ టైఫస్ సోకవచ్చు. చంకలు, గజ్జలు, నడుము దగ్గర నొప్పిలేని నల్లటి మచ్చ ఉన్నదేమో చూసుకుని, ఏజెన్సీ అడవిలో తిరిగి వచ్చిన సంగతి వైద్యుడికి ముందుగానే చెప్పి, రెండు పరీక్షలూ చేయించుకోవాలి.