నాలుగు వరుసల రహదారిని సురక్షితంగా దాటడం ఎలా?

పదహారో నంబరు జాతీయ రహదారి తడ నుంచి ఇచ్ఛాపురం దాకా, నలభై నాలుగో నంబరు రహదారి ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా ఎన్నో ఊళ్లను ఒరుసుకుంటూ వెళ్తాయి. ఊరు ఒక పక్కన, పొలమో బడో బస్టాపో మరో పక్కన ఉన్నవారికి ఈ రోడ్లు దాటడం రోజువారీ పని. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు, 32,825 మంది పాదచారులు. నాలుగు వరుసల రోడ్డును డివైడర్ ఉన్న ఒక్క రోడ్డుగా కాక రెండు వేర్వేరు రోడ్లుగా భావించి, ఒక్కొక్క సగాన్నీ విడిగా దాటాలి. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ పద్ధతి మీద ఆధారపడినవే.

1. దాటే చోటును ముందే నిర్ణయించుకోండి

అండర్‌పాస్ గానీ పాదచారుల వంతెన గానీ నడవగలిగే దూరంలో ఉంటే అదే మీ దారి. అవి లేని చోట, రెండు వైపులా రోడ్డు తిన్నగా చాలా దూరం కనిపించే జాగాను ఎంచుకోవాలి. మలుపుల దగ్గర, వంతెన దిగే చోట, దాబాల ముందు లారీలు బారులు తీరిన చోట దాటకూడదు. డివైడర్‌లో ఏపుగా పెరిగిన గన్నేరు మొక్కల సందులోంచి వచ్చే మనిషి డ్రైవర్‌కు చివరి క్షణం దాకా కనిపించడు కాబట్టి, అక్కడ కాలిబాట పడి ఉన్నా సరే, ఆ సందును వాడకండి.

2. మీకెంత సమయం పడుతుందో కొలిచి చూసుకోండి

చాలామంది వచ్చే వాహనం ఎంత దూరంలో ఉందో చూసి దాటుతారు. అసలు చూడవలసింది అది మన దగ్గరకు రావడానికి పట్టే సమయం. ఒక వైపున్న రెండు వరుసలు కలిపి 7 మీటర్లు, పక్కనున్న తారు మార్జిన్ మరో మీటరున్నర అనుకుంటే, సెకనుకు 1.2 మీటర్లు నడిచే ఆరోగ్యవంతుడికి ఆ సగం దాటడానికి 7 సెకన్లు కావాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ లోపల దాదాపు 200 మీటర్లు వచ్చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, నెత్తిన గడ్డిమోపు ఉన్నవారు సెకనుకు 0.8 మీటర్లే నడవగలరనుకుంటే వారికి 11 సెకన్లు పడుతుంది, కారు 300 మీటర్లు వస్తుంది.

అందుచేత మీ ఇంటి ముందు రోడ్డు మీద తొమ్మిది మీటర్లు కొలిచి, మామూలు నడకతో ఎన్ని సెకన్లు పడుతుందో చూసుకోండి. తర్వాత రహదారి పక్కన నిలబడి, దూరంగా ఉన్న చెట్టునో బోర్డునో గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి మీ దగ్గరకు రావడానికి వేగంగా వెళ్లే కార్లకు ఎన్ని సెకన్లు పడుతోందో గమనించండి. మీ నడక సమయానికి రెట్టింపు పట్టే గుర్తు దొరికిందంటే, ఆ గుర్తుకూ మీకూ మధ్య ఏ వాహనమూ లేనప్పుడే అడుగు వేయాలి. ఇంట్లో పెద్దవారికీ పిల్లలకూ వారి వారి నడకను బట్టి గుర్తులు వేరుగా చూపించాలి.

3. మొదటి సగం, డివైడర్, రెండో సగం

మొదటి సగంలో వాహనాలు మీ కుడి వైపు నుంచి వస్తాయి. దగ్గరి వరుసలో లారీ నెమ్మదించి, డ్రైవరు దయతలచి వెళ్లమని చెయ్యి ఊపినా వెంటనే కదలకండి. ఆ లారీ చాటున, దాన్ని దాటుకుంటూ పక్క వరుసలో కారు వస్తూ ఉండవచ్చు. కారు నడిపేవారికి మీరు కనిపించరు, మీకు కారు కనిపించదు. లారీ అంచు దగ్గర ఆగి, తొంగి చూసి, రెండో వరుస ఖాళీ అయ్యాకే ముందుకు సాగాలి.

డివైడర్ మీద పూర్తిగా ఆగండి. ఇక్కడి నుంచి వాహనాలు ఎడమ వైపు నుంచి వస్తాయి, పైగా డివైడర్‌ను ఆనుకుని ఉండే వరుసలోనే అన్నిటికంటే వేగంగా వెళ్తాయి. ఒక్క అడుగు తొందరపడినా నేరుగా ఆ వేగంలోకే వెళ్తాం. పిల్లల చేతిని వేళ్ల దగ్గర కాకుండా మణికట్టు దగ్గర పట్టుకోవడం మేలు.

4. సైకిల్, బైకు మీద ఉన్నవారు

సైకిల్‌ను దిగి నడిపించుకుంటూ దాటాలి. బైకు నిలబడటానికి దాదాపు 2 మీటర్ల చోటు కావాలి. డివైడర్ వెడల్పుగా ఉంటే బండి మొత్తం ఆ ఖాళీలో పట్టేలా ఆపవచ్చు. పట్టణాల్లో మాదిరిగా సన్నని డివైడర్ ఉంటే వెనక చక్రం వేగం వరుసలోనే ఉండిపోతుంది కనుక, రెండు సగాలూ ఒకేసారి ఖాళీ అయ్యే దాకా మార్జిన్ మీదే ఆగాలి. ట్రాక్టరుకు ట్రాలీ ఉంటే ఎంత వెడల్పు డివైడర్ అయినా చాలదు.

రహదారి మీద వెళ్తూ కుడి వైపు ఊళ్లోకి తిరగాలనుకునేవారు ఎడమ వరుస నుంచి ఒక్కసారిగా కుడికి కోయడం చాలా ప్రమాదకరం. రద్దీ ఎక్కువగా ఉంటే ఎడమ మార్జిన్‌లోకి వెళ్లి ఆగి, అక్కడి నుంచి మిగతావారిలాగే అడ్డంగా దాటడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి పద్ధతి.

యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉందని రాంగ్ రూట్‌లో వెళ్లేవారు ఒక్క లెక్క వేసుకోవాలి. పోయి రావడం 2 కిలోమీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 3 నిమిషాలు. ఎదురు దిశలో నడపడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా పరిగణిస్తుంది.

5. చీకటి పడ్డాక

రాత్రి వేళ ఎదురుగా వచ్చే వెలుతురును బట్టి వేగాన్ని అంచనా వేయలేము. ఒకటే లైటు కనిపిస్తే అది బైకే కావాలని లేదు, ఒక లైటు పాడైన లారీ కూడా కావచ్చు. పగటి గుర్తుకు మరికొంత దూరం కలుపుకోండి. సైకిల్ పెడల్స్‌కు, వెనక మడ్‌గార్డుకు, పాల క్యాన్లకు రేడియం స్టిక్కర్ అంటించండి. నడిచేవారు టార్చ్‌లైటును నేల వైపు వెలిగించి పట్టుకుంటే చాలు.

6. చోటే ప్రమాదకరమైతే

తరచూ ప్రమాదాలు జరిగే చోట మన జాగ్రత్త ఒక్కటే సరిపోదు. గ్రామ పంచాయతీలో తీర్మానం చేయించి, జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకూ, జిల్లా రోడ్డు భద్రతా కమిటీకీ అందజేయాలి. కిలోమీటరు రాయి నంబరు, ప్రమాదాలు జరిగిన తేదీలు, ఉదయం బడి వేళ అక్కడ దాటే పిల్లల సంఖ్య, పగలూ రాత్రీ తీసిన ఫొటోలు జతచేసి, అండర్‌పాసో వీధి దీపాలో వేగ నియంత్రణ గీతలో ఏది కావాలో స్పష్టంగా రాయండి. అర్జీ అందినట్లు సంతకంతో రసీదు తీసుకోండి. ఈలోగా రోడ్డు మీద ప్రమాదం కనిపిస్తే జాతీయ రహదారి సహాయ నంబరు 1033కు గానీ, అంబులెన్సు కోసం 108కి గానీ ఫోన్ చేయవచ్చు. క్షతగాత్రులకు సాయపడినవారు పేరు, చిరునామా చెప్పి తీరాలని చట్టం నిర్బంధించదు.