నెర్దనెల్ పాత్రను చదివే పద్ధతి

టోల్కీన్ రచించిన, ఎల్ఫులు అనే కల్పిత జాతి గాథ ‘సిల్మరిలియన్’ చదివినవారికి ఎల్ఫుల రాకుమారుడు ఫియానోర్, అతని ఏడుగురు కుమారులు, వారు చేసిన ఘోర ప్రతిజ్ఞ గుర్తుండిపోతాయి. ఆ ఏడుగురి తల్లి నెర్దనెల్ గురించి ఆ గ్రంథంలో కొన్ని వాక్యాలే ఉన్నందున చాలామంది ఆమెను గమనించకుండానే ముందుకు సాగిపోతారు. ఆమెను ఒకరి భార్యగా కాక స్వయంగా ఒక కళాకారిణిగా చూడదలచినవారు చెల్లాచెదురుగా ఉన్న ఆ వాక్యాలను ఓపికతో ఏరుకోవాలి.

మొదట, 1977లో రచయిత కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్ పరిష్కరించి ప్రచురించిన ‘సిల్మరిలియన్’ చివర ఉన్న నామసూచికలో ఆమె పేరు వెతికి, సంబంధిత వాక్యాలను నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆమె తండ్రి మహ్తాన్ గొప్ప లోహకారుడనీ, ఫియానోర్ లోహంతోనూ రాతితోనూ పనిచేయడం అతని వద్దే నేర్చుకున్నాడనీ అక్కడ తెలుస్తుంది. ఆమెకు భర్తతో సమానమైన దృఢసంకల్పం ఉన్నా ఓర్పు ఎక్కువనీ, ఇతరుల మనసులను లొంగదీసుకోవడం కంటే అర్థం చేసుకోవడమే ఆమె కోరుకునేదనీ చెప్పే వాక్యం వద్ద తప్పక ఆగాలి. ఫియానోర్ పతనానికి కారణమైన లోపం ఏమిటో ఆ ఒక్క పోలికలోనే తేటతెల్లమవుతుంది.

తరువాత టోల్కీన్ రాతప్రతుల సంకలనంగా 1993లో వెలువడిన ‘మార్గోత్స్ రింగ్’ చదవాలి. నెర్దనెల్ అసలు రూపం కనిపించేది ఇక్కడే. ఆమె పేరుపొందిన అందగత్తె కాదు. యౌవనంలో సముద్రతీరాల వెంట, కొండలలో దూరదూరాలు తిరిగేది, ఫియానోర్ పరిచయమైనది కూడా ఆ సంచారంలోనే. ఆమె మలచిన ప్రతిమలు ఎంత సజీవంగా ఉండేవంటే, ఆమె కళ గురించి తెలియని మిత్రులు వాటిని మనుషులనుకొని పలకరించేవారు. ఫియానోర్ బహిష్కృతుడై ఫోర్మెనోస్ అనే కోటకు వెళ్లినప్పుడు ఆమె వెంట వెళ్లక, అతనికి గిట్టని సవతితల్లి ఇండిస్ వద్ద ఉండిపోయింది. నా దృష్టిలో ఈ గాథలోని అత్యంత సాహసోపేతమైన నిర్ణయాలలో ఇది ఒకటి.

రాసుకున్న ప్రతి వాక్యం పక్కన అది ఏ గ్రంథంలోనిదో రాసిపెట్టుకోవాలి. అలాంటిదే మరో సంకలనమైన 1996 నాటి ‘ది పీపుల్స్ ఆఫ్ మిడిల్ ఎర్త్’లో ఆమె, ఫియానోర్ కుమారులతో సముద్రం దాటి వెళ్లబోతుండగా, అందరిలో చిన్నవారైన కవలలలో ఒక్కడినైనా తన వద్ద విడిచిపెట్టమని వేడుకుంటుంది, ఫియానోర్ నిరాకరించగా, కుమారులలో కనీసం ఒకడు ఆవలి నేలపై అడుగుపెట్టకుండానే పోతాడని హెచ్చరిస్తుంది, ఆ మాటే నిజమై, ఆవలి తీరంలోని లోస్గార్ అనే చోట ఫియానోర్ తగలబెట్టించిన ఓడలలో ఒకదానితో పాటు కవలలలో ఒకడు మరణిస్తాడు. 1977 పాఠంలోనైతే కవలలిద్దరూ ఆ తరువాత చాలాకాలం జీవిస్తారు. ఈ రెండింటినీ ఒకే కథగా కలపకూడదు.

చివరగా కుమారుల వైపు తిరగాలి. తల్లి స్వభావం కొందరికే వచ్చిందని గ్రంథం చెబుతుంది కాని, ఎవరెవరికో చెప్పదు. లోస్గార్‌లో ఓడలకు నిప్పుపెట్టే సమయంలో పెద్ద కుమారుడు మైద్రోస్ ఒక్కడే పక్కకు తప్పుకొని నిలబడిన ఘట్టాన్ని ఈ దృష్టితో మళ్లీ చదివి, మీకు తోచిన అభిప్రాయాన్ని మూలవాక్యాలతో కలపకుండా వేరే పుటలో రాసుకోండి.