ఒక్క కుక్కర్‌తో పప్పు, అన్నం, చారు: పనిరోజుల్లో తేలికైన వంట

కందిపప్పు వెన్నలా ఉడికిందంటే ఆ పూట వంట సగం అయిపోయినట్టే. కూరగాయ కలిపితే పప్పు, పైన తేరిన కట్టుతో చారు, ఏమీ కలపకుండా ఎనిపితే ముద్దపప్పు. ఉడకలేదో, ఎంత మంచి పోపు పెట్టినా కంచంలో బద్దలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు. పని నుంచి వచ్చి వండుకునేవాళ్లు, కొత్తగా ఒంటరిగా ఉంటూ వంట మొదలుపెట్టినవాళ్లు ముందు పప్పు ఉడకబెట్టడం ఒక్కటీ సరిగ్గా పట్టుకుంటే చాలు. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఇక్కడి కొలతలు ముగ్గురికి. గ్లాసు అంటే 150 మిల్లీలీటర్లు పట్టే టీ గ్లాసు, చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీస్పూను. కుక్కర్ 5 లీటర్లది ఉండాలి, అందులో ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు స్టీలు గిన్నెలు పట్టాలి.

ఇంట్లో అడుగుపెట్టగానే

కాళ్లు కడుక్కుని రాగానే ముక్కాలు గ్లాసు కందిపప్పు (సుమారు 100 గ్రాములు) రెండు మూడుసార్లు కడిగి, రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి పక్కన పెట్టండి. ఉసిరికాయంత చింతపండు మీద గ్లాసు వేడినీళ్లు పోసి మూత పెట్టండి. ఈ రెండూ నానే అరగంటలో స్నానం, టీ, కూరగాయలు కోసుకోవడం అన్నీ అయిపోతాయి. చన్నీళ్లలో వేసిన చింతపండు మెత్తబడడానికి ఎక్కువసేపు పడుతుంది, వేడినీళ్లలో పావుగంట చాలు.

రెండు గ్లాసుల సోనామసూరి బియ్యం కడిగి పాతబియ్యమైతే నాలుగు గ్లాసులు, కొత్తబియ్యమైతే మూడు నుంచి మూడున్నర గ్లాసుల ఎసరు పోయండి. ఈ తేడా మరిచిపోతే కొత్తబియ్యం అన్నం ముద్దయిపోతుంది. బస్తా మార్చినప్పుడల్లా మొదటిసారి మూడున్నరతో వండి చూసి, పలుకుగా ఉంటే తర్వాతి పూట అర గ్లాసు పెంచండి. బియ్యం కూడా అరగంట నానితే అర గ్లాసు తగ్గించాలి.

కుక్కర్ ఎక్కించడం

అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోయండి. అల్యూమినియం కుక్కర్ అయితే పిండేసిన నిమ్మచెక్కో, కాస్త చింతపండు పిప్పో అందులో పడేస్తే లోపల నల్లబడదు. కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె. పప్పులో పావు చెంచా పసుపు, ఒక చెంచా నూనె వేయండి. నూనె ఎందుకంటే, ఉడికేటప్పుడు పప్పుకు నురగ పొంగుతుంది, అది ఆవిరి గొట్టంలో చేరితే అడ్డుపడుతుంది. నూనె ఉంటే ఆ పొంగు తగ్గుతుంది. ఏ గిన్నె అయినా మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు.

మూత బయటికి బిగించే రకమైతే ముందు వెయిట్ పెట్టకండి. పెద్ద మంట మీద ఆవిరి సన్నని దారంలా, ఆగకుండా రావడం మొదలయ్యాక పెట్టండి. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి పది నిమిషాలు ఉంచి ఆపేయండి. "ఎన్ని విజిల్స్?" అని అందరూ అడుగుతారు కానీ విజిళ్ల లెక్క నమ్మదగింది కాదు. పెద్ద మంట మీద నాలుగు విజిళ్లు ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్న మంట మీద పావుగంట పడుతుంది. పప్పుకు కావాల్సింది వేడిలో గడిపే సమయం. కుక్కర్‌లో ఒత్తిడి నిండాక లోపల వేడి 120 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, ఆ తర్వాత పెద్ద మంట పెట్టినా అది పెరగదు. గ్యాసు ఖర్చవుతుంది, అడుగు నీళ్లు ఆవిరైపోతాయి, అంతే. అడుగు ఎండితే సేఫ్టీ వాల్వ్ కరిగిపోతుంది.

ఆపాక ఆవిరి దానంతటది పోయేదాకా పది పదిహేను నిమిషాలు ఆగాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే పప్పు ఒక్కసారిగా ఎగదన్ని పైనున్న అన్నం గిన్నెలో పడుతుంది. అంతకన్నా ముఖ్యం, చెయ్యి కాలుతుంది. మూత తేలిగ్గా రాకపోతే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టే, బలంగా లాగకండి. ఆ ఆగే సమయం వృథా కాదు, వేపుడు అప్పుడే అయిపోతుంది.

కాయిల్ ఎలక్ట్రిక్ స్టవ్ వాడేవాళ్లు స్విచ్ ఆపగానే కుక్కర్‌ను దాని మీంచి తీసి పక్కన పెట్టాలి. ఆ చుట్ట చల్లారడానికి చాలాసేపు పడుతుంది, పప్పు ఇంకా ఉడుకుతూనే ఉంటుంది.

పప్పు ఉడకకపోతే

మొదట అనుమానించాల్సింది పులుపు. చింతపండు, గోంగూర, మామిడికాయ పప్పుతోపాటు మొదటే వేస్తే బద్దలు గట్టిగా నిలిచిపోతాయి. పప్పును పట్టి ఉంచే పదార్థం పులుపులో సరిగ్గా కరగదు. అందుకే చింతపండు పులుసు ఎప్పుడూ ఉడికిన పప్పులోనే కలపాలి. టొమాటో పులుపు తక్కువ కనుక, నానిన పప్పులో కలపకుండా పైన పెడితే ఇబ్బంది రాదు. గోంగూర మాత్రం విడిగా చెంచా నూనెలో మగ్గబెట్టి తర్వాత కలపండి.

రెండోది నీళ్లు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండే ఊళ్లలో పప్పు మొండికేస్తుంది. బియ్యం ఏ నీళ్లతోనైనా ఉడుకుతుంది కాబట్టి పప్పు వరకు తాగే నీళ్లు వాడండి. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది కానీ రుచి సబ్బులా మారుతుంది, పప్పులోని బి1 విటమిన్ కూడా పోతుంది. అలవాటు చేసుకోకండి.

మూడోది పప్పు వయసు. ఏడాది నిలవున్న పప్పును గంట నానబెట్టి, సన్న మంట మీద ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచాలి. అమెరికాలోని ఇండియన్ దుకాణాల్లో నూనె పట్టించిన కందిపప్పు కూడా అమ్ముతారు. దాన్ని గోరువెచ్చని నీళ్లతో చేత్తో రుద్ది మూడు నాలుగుసార్లు కడిగితేగానీ జిడ్డు పోదు.

పప్పులోకి ఏం వేయాలి

టొమాటో పప్పుకు మూడు టొమాటోలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న ఉల్లిపాయ. ముక్కలు పెద్దగానే కోయండి, ఎలాగూ మెదిగిపోతాయి. పాలకూర, తోటకూర అయితే రెండు చిన్న కట్టలు, బాగా కడిగి పప్పు పైనే పెట్టండి. ఉడికాక అర నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి మూడు నిమిషాలు ఉడికించాలి. దోసకాయ, బీరకాయ, సొరకాయ కోసేటప్పుడు చివర ఒక ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుంటే మొత్తం పారేయండి. ఉడికితే పోయే చేదు కాదది, కడుపును పాడుచేసేది.

కుక్కర్ తీశాక పైన తేరిన కట్టు ముందుగా ఒక గిన్నెలోకి వంచుకోండి, గ్లాసుకు అటూ ఇటూ వస్తుంది. అది చారుకు. మిగిలిన పప్పులో చెంచా ఉప్పు వేసి వేడి మీదే పప్పుగుత్తితో ఎనపండి. చల్లారితే పప్పు బిగుస్తుంది, ఉండలు కడుతుంది. గట్టిగా ఉంటే వేడినీళ్లే కలపండి, చన్నీళ్లు పోస్తే పప్పూ నీళ్లూ విడివిడిగా ఉండిపోతాయి.

పోపు

ఈ రెండు నిమిషాలు స్టవ్ దగ్గరే ఉండాలి, ఫోన్ పక్కన పెట్టేయాలి. అన్నీ ముందే పళ్లెంలో సర్దుకోండి: ఆవాలు అర చెంచా, జీలకర్ర అర చెంచా, ఎండుమిర్చి రెండు, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి రెబ్బలు ఐదు, ఇంగువ చిటికెడు, తుడిచిన కరివేపాకు ఒక రెమ్మ.

రెండు మూడు చెంచాల నూనె కాగాక ఒకే ఒక్క ఆవగింజ వేసి చూడండి. అడుగున కదలకుండా పడుంటే నూనె ఇంకా కాగలేదు, అప్పుడే అన్నీ వేస్తే ఆవాలు పేలవు, నమిలితే చేదుగా తగులుతాయి. గింజ పైకి లేచి ఒక్క క్షణంలో చిట్లితే సరిగ్గా ఉంది. మిగిలిన ఆవాలు వేయండి, చిటపటలు జోరందుకుని, మళ్లీ తగ్గుముఖం పట్టాకే వెల్లుల్లి వేయాలి. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకు రాగానే ఎండుమిర్చి, జీలకర్ర, ఆ వెంటనే మంట ఆపేసి ఇంగువ, కరివేపాకు. ఇంగువా జీలకర్రా మంట మీద ఎక్కువసేపు ఉంటే మాడి చేదెక్కుతాయి. కరివేపాకు తడిగా ఉంటే నూనె మొహం మీదికి చిమ్ముతుంది. పోపు పప్పులో పడగానే "చుయ్" మనాలి, వెంటనే మూత పెట్టి రెండు నిమిషాలు కదపకండి. మాడిన పోపును మాత్రం పప్పులో కలపకండి, పారేసి మళ్లీ పెట్టుకోండి. రెండు మూడు చెంచాల నూనె కోసం గిన్నెడు పప్పు పాడుచేసుకోవద్దు.

చారు

నానిన చింతపండు పిసికి పులుసు తీసి, ఒక టొమాటో చిదిమి వేసి, రెండు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా ఉప్పు వేసి ఏడెనిమిది నిమిషాలు మరగనివ్వండి. పచ్చివాసన పోయిందో లేదో ముక్కుకే తెలుస్తుంది. అప్పుడు తీసి పెట్టుకున్న కట్టు పోయండి. పొడికి ధనియాలు రెండు చెంచాలు, మిరియాలు ఒకటి, జీలకర్ర ఒకటి తీసుకుని పచ్చివే బరకగా దంచండి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు చేర్చవచ్చు. ఇందులో సగం ఈ పూటకు చాలు. పొడి వేశాక అంచుల నుంచి నురగ లేచి పొంగు రాగానే దించేయాలి. ఆ తర్వాత కూడా మరిగిస్తే ఘుమఘుమ అంతా ఆవిరితో పోయి, ఉత్త కారం నీళ్లు మిగులుతాయి. పైన నేతి పోపు, కొత్తిమీర.

పక్కన వేపుడు

పావుకిలో బెండకాయలు కడిగి గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాకే కోయండి. జిగురు వచ్చేది తడి వల్లే. వెడల్పాటి బాణలిలో మూడు చెంచాల నూనె, మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లోనే. ముందే ఉప్పు వేస్తే నీరు ఊరి ముక్క సాగుతుంది. దొండకాయకు ఇది తిరగేయాలి: ముందే ఉప్పు వేసి మూత పెట్టి ఎనిమిది నిమిషాలు మగ్గనిచ్చి, తర్వాత మూత తీసి వేయించాలి. లేకపోతే పైన ఎర్రగా, లోపల పచ్చిగా ఉంటుంది. ఏ వేపుడైనా బాణలి నిండా ముక్కలు పోస్తే వేగదు, ఉడుకుతుంది.

వేపుడు చేసే ఓపిక కూడా లేని రోజున పప్పులో ఏమీ వేయకుండా ముద్దపప్పు చేసి, పక్కన పచ్చి పులుసు కలుపుకోండి. తెలంగాణ ఇళ్లలో ఎండాకాలం ఈ జంట ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండు పులుసులో మూడు గ్లాసుల నీళ్లు, మంట మీద కాల్చి నలిపిన మూడు పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు, కాస్త బెల్లం. పైన పోపు. మరిగించే పనే లేదు. కోస్తా వైపు ముద్దపప్పుకు ఆవకాయ, నెయ్యి ఉంటే ఇంకేం అడగరు.

మిగిలినవి

రేపటికి కూడా పప్పు కావాలంటే రెట్టింపు ఉడకబెట్టి, పోపు పెట్టకముందే సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజులు బాగుంటుంది, ఏ పూటకాపూట కొత్త పోపు పెట్టుకోవచ్చు. అన్నం విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. గిన్నెలో వేడిగా గంటలకొద్దీ వదిలేస్తే అందులో పెరిగే క్రిములు విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పళ్లెంలో పరిచి చల్లార్చి, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

మర్నాడు పొద్దున్న ఆ అన్నం పులిహోరకు బాగా పనికొస్తుంది, మెతుకు బిరుసెక్కి విడివిడిగా ఉంటుంది కనుక. ఇద్దరికి సరిపడే అన్నానికి మూడు చెంచాల నూనెలో ఆవాలు, చెంచా శనగపప్పు, చెంచా మినప్పప్పు, గుప్పెడు వేరుశనగలు, పచ్చిమిర్చి, పసుపు. వేరుశనగలు మిగతావాటికన్నా ముందే వేయండి, అవి వేగడానికి ఎక్కువసేపు పడుతుంది. అన్నం, ఉప్పు వేసి బాగా వేడెక్కనిచ్చి స్టవ్ ఆపండి. కాస్త చల్లారాకే ఒక పెద్ద నిమ్మకాయ పిండి కలపండి, మంట మీదుండగా పిండితే చేదొస్తుంది.