గ్లమ్‌యూ అస్సే (ఎంజైమ్ పనితీరు కొలిచే టెస్ట్) తేడా కొడుతోందా? ముందు ఏ సగం ఆగిందో చూడండి

గ్లమ్‌యూ అంటే ఒక్క ప్రొటీన్‌లో రెండు ఎంజైములు. ఈ.కోలై దాంట్లో 456 ఎమైనో ఆసిడ్లు, సి-టర్మినల్ సగం (గొలుసు చివరి వైపు, ఎసిటైల్ సగం) గ్లూకోజమీన్-1-ఫాస్ఫేట్ అనే షుగర్‌కి ఎసిటైల్ తగిలిస్తుంది, ఎన్-టర్మినల్ సగం (మొదటి వైపు, యూరిడైల్ సగం) అలా వచ్చినదానికి యూటీపీలోంచి యూఎంపీ తీసి అతికించి యూడీపీ-గ్లక్‌నాక్ చేస్తుంది, బ్యాక్టీరియా సెల్‌వాల్‌కి ముడిసరుకు అదే. మధ్యలో తయారైన షుగర్ బయటికి వచ్చేసి మళ్ళీ రెండో సైట్‌లోకి వెళ్తుంది కాబట్టి రెండు సగాల్నీ విడివిడిగా టెస్ట్ చెయ్యొచ్చు. ఎంజైమ్ చచ్చిపోయిందని కొత్త ప్రెప్ మొదలెట్టేముందు ఆ పని చేయండి.

సమస్య: డీటీఎన్‌బీ (రంగు చూపించే రియేజెంట్) వేయగానే సబ్‌స్ట్రేట్ లేని బ్లాంక్ కూడా పసుపు.

నాకు రెండు రోజులు తినేసింది ఇదే. ఎసిటైల్ కోఎ నుంచి ఊడిన కోఎ మీద ఉన్న థయాల్‌ని (సల్ఫర్-హైడ్రోజన్ గుంపు) డీటీఎన్‌బీ పట్టుకుంటే 412 నానోమీటర్ల దగ్గర పసుపు కనబడుతుంది, కానీ దానికి ఏ థయాల్ అయినా ఒకటే, ఎంజైమ్ స్టాక్‌లో 1 మిల్లీమోలార్ డీటీటీ (ప్రొటీన్ ఆక్సిడైజ్ కాకుండా వేసేది) ఉంటే నూరు రెట్లు పలచన చేసినా 10 మైక్రోమోలార్ మిగులుతుంది, ఒక్కో డీటీటీకి రెండు థయాల్స్, అంటే దగ్గర దగ్గర 0.28 రీడింగ్ ఊరికే వచ్చేస్తుంది. దాన్ని చూసి యాక్టివిటీ అదిరిపోయిందని మురిసిపోయాను కూడా! థయాల్ లేని టీసెప్‌కి మారితే సరిపోతుందిలే అనుకోకండి, అదీ డీటీఎన్‌బీని విరిచేస్తుంది. రెండూ లేని బఫర్‌లోకి డయాలిసిస్ చేసుకోండి, వేరే దారి లేదు.

సమస్య: ఎసిటైల్ రియాక్షన్ బాగా మొదలై చప్పున పడిపోతోంది.

డీటీఎన్‌బీ మొదట్లోనే కలిపేశారేమో చూడండి. ఈ.కోలై గ్లమ్‌యూ సిస్టీన్ల మీద థయాల్ రియేజెంట్ ఎక్కితే ఈ సగమే దెబ్బతింటుంది. ప్రొటీన్‌ని విప్పేసే గ్వానిడీన్‌తో రియాక్షన్ ఆపేసి ఆ తర్వాత కలపండి.

సమస్య: యూరిడైల్ సగం పనిచేస్తోంది, ఎసిటైల్ సున్నా.

ప్లాస్మిడ్ ఎక్కడిదో కనుక్కోండి. 1999లో స్ట్రక్చర్ తీసింది 331వ రెసిడ్యూ (ఎమైనో ఆసిడ్) దగ్గర కత్తిరించిన ముక్కకి, అలాంటి ముక్కలో ఎసిటైల్ డొమైన్ చాలావరకు ఉండదు. ఫుల్ లెంగ్తే అయితే షుగర్ సీసా మీద లేబుల్ చదవండి, 6-ఫాస్ఫేట్ అయితే పనిచేయదు, 1-ఫాస్ఫేటే కావాలి. మన కణాల్లో ఎసిటైల్ ఎక్కేది 6-ఫాస్ఫేట్ మీదే, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

సమస్య: యూరిడైల్ సైడ్ సున్నా.

మెగ్నీషియం ఉందా? షుగర్ ఫాస్ఫేట్ ఆక్సిజన్ వెళ్ళి యూటీపీ ఆల్ఫా ఫాస్ఫరస్‌ని కొట్టాలి, పైరోఫాస్ఫేట్ ఊడాలి, అక్కడ పేరుకున్న నెగటివ్ చార్జీని అదుపులో పెట్టేది మెగ్నీషియమే, ఈ.కోలైలో ఆస్పార్టేట్ 105, ఆస్పరజీన్ 227 దాన్ని పట్టుకుంటాయి. ప్యూరిఫికేషన్ బఫర్‌లోంచి ఈడీటీఏ వచ్చి ఉంటే మెగ్నీషియాన్ని అదే లాగేసుకుంటుంది. ఇంకోటి, ఫాస్ఫేట్‌ని కొలిచే మాలకైట్ గ్రీన్‌కి పైరోఫాస్ఫేట్ కనబడదు, పైరోఫాస్ఫటేజ్ వేసి రెండు ఫాస్ఫేట్లుగా విరగ్గొట్టాలి. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉన్న బఫర్) పెట్టారా, బ్లాంకుతో సహా అన్నీ ఆకుపచ్చే.

సమస్య: స్ట్రక్చర్ తెరిస్తే ఎసిటైల్ సైట్ సగం ఖాళీగా, ఒక పక్క గోడ లేనట్టు ఉంది.

ఫైల్ తప్పు కాదు. ఆ డొమైన్ ఎడమకి మెలితిరిగిన బీటా హెలిక్స్, అడ్డంగా కోస్తే ముక్కోణం, మూడు గొలుసులు పక్కపక్కన చేరితేనే సైట్ పూర్తవుతుంది. గ్లూకోజమీన్ ఎమైన్ మీద ప్రోటాన్ లాగేది హిస్టిడీన్ 363 అంటారు, అప్పుడా నైట్రోజన్ ఎసిటైల్ కోఎ కార్బొనిల్ మీద పడుతుంది, కానీ దాని చుట్టూ ఉన్న రెసిడ్యూలు కొన్ని పక్క గొలుసువి. చాలా ఫైళ్ళలో ట్రైమర్ (మూడు గొలుసుల గుంపు) మొత్తం ఉండదు, మిగతాది క్రిస్టల్ సిమెట్రీలో దాగి ఉంటుంది. బయలాజికల్ అసెంబ్లీ ఫైల్ దించుకోండి, లేదంటే పైమాల్‌లో (స్ట్రక్చర్ చూసే సాఫ్ట్‌వేర్) సిమెట్రీ మేట్స్ గీయించండి, మూడూ కళ్ళముందుకొచ్చాకే డాకింగ్ (సైట్‌లో అణువుల్ని కంప్యూటర్‌లో అమర్చి చూడటం) పెట్టండి.