వానలు పడకముందే పెరట్లో కుక్క పెంట సంగతి చూడండి

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో పెరట్లోకి కుక్క తప్ప ఇంట్లో ఎవరూ అడుగు పెట్టరు. దానికి మాత్రం పొద్దున ఆరింటికి, సాయంత్రం ఏడింటికి మునగచెట్టు కింద పని ఉంటుంది. వేసిన పెంట రెండ్రోజుల్లో పెంకులా ఎండిపోతుంది. వాసన రాదు, ఈగ వాలదు. ఆదివారం ఎత్తుదాంలే అనుకుంటాం, ఆదివారాలు గడిచిపోతాయి. ఈలోగా మృగశిర వస్తుంది, ఒక సాయంత్రం గట్టి వాన పడుతుంది. మర్నాడు చూస్తే పెరడు కడిగినట్టుంటుంది, ఒక్క కుప్ప కూడా కనబడదు. హమ్మయ్య, పని తప్పింది అనిపిస్తుంది.

మాకూ రెండేళ్ల క్రితం అలాగే అనిపించింది. మా పెరటి వాలు నీళ్ల సంపు వైపు ఉంది. సంపు మూత ఒక అంచున పగిలిందన్న సంగతి నీళ్లు కంపు కొట్టాకే తెలిసింది. సంపు, పైన ట్యాంకు రెండూ ఖాళీ చేయించి, రుద్ది కడిగించి, బ్లీచింగ్ చేయించేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. ఆ వారమంతా మా లియోగాడిని ఎవరూ ప్రేమగా పలకరించలేదు. తప్పు వాడిది కాదని అందరికీ తెలుసు, అయినా సరే.

అందుకే ఈ పని తొలకరికి ముందే చేసుకోవాలి. కరిగి కనబడకుండా పోయిన పెంటతోనే అసలు ఇబ్బంది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

కుక్క పేగుల్లో ఉండే ఏలికపాముల్లో టాక్సోకారా అనే రకం ఉంది. దాని గుడ్లు పెంటతో పాటు వేల సంఖ్యలో బయటికొస్తాయి. అవి తాజాగా ఉన్నప్పుడు మనిషికి అంటవు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉండి ముదిరాకే అంటుకునే స్థితికి వస్తాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఉండగలవు. అంటే ఈ ఉదయం వేసిన పెంటను ఈ ఉదయమే ఎత్తేస్తే ఈ బెడద దాదాపు లేనట్టే. నెల కిందట వేసింది వానకు కరిగి, పిల్లలు ఆడుకునే మట్టిలో కలిసిపోతే మాత్రం ఉన్నట్టే. మట్టి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల కడుపులోకి ఈ గుడ్లు పోతాయి. మనిషి ఒంట్లో ఈ పురుగు పిల్లలు పేగుల్లో స్థిరపడవు. కాలేయం, ఊపిరితిత్తులు అంటూ తిరుగుతాయి. ఒక్కోసారి కంట్లోకి చేరి చూపును దెబ్బతీస్తాయి. బళ్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వేసే ఆల్బెండజోల్ మాత్ర పిల్లల పేగుల్లో ఉండే నులిపురుగుల కోసం. అది వేశాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

రెండోది కొంకి పురుగు (హుక్‌వార్మ్). దీనికి వానాకాలమంటే పండగ. తడి, వెచ్చని మట్టిలో వారం రోజుల్లోపే దాని పిల్లలు తయారై, ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోంచి లోపలికి దూరతాయి. అరికాలి మీద పాము పాకినట్టు ఎర్రటి గీత, విపరీతమైన దురద వస్తే ఇదే కావచ్చు, చర్మ డాక్టరుకు చూపించాలి. మన ఇళ్లలో కరివేపాకు రెమ్మకైనా, తులసికోట చుట్టూ తిరగడానికైనా చెప్పుల్లేకుండానే వెళ్తాం. చెప్పులు వేసుకోమంటే మా అత్తయ్య ఒప్పుకోరు. అందుకని కోట చుట్టూ రాళ్లు పరిపించి, కుక్క అటు రాకుండా చిన్న దడి కట్టించాం.

తాజా పెంటతో కూడా ప్రమాదం ఉన్నది ఒకటుంది: మనిషి కాలేయం, ఊపిరితిత్తుల్లో హైడాటిడ్ అనే నీటి తిత్తులు తెచ్చే బద్దెపురుగు. దీని గుడ్లకు ముదిరే గడువు అక్కర్లేదు, బయటికొచ్చిన క్షణం నుంచే అంటుకుంటాయి. మేక, గొర్రె కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి తిన్న కుక్కలకు ఇది వస్తుంది. మాంసం కొట్టు నుంచి తెచ్చిన ముక్కలు పచ్చిగా వేయకండి, ఉడకబెట్టి పెట్టండి.

రేబిస్ పెంట వల్ల రాదు, ఆ భయం అక్కర్లేదు. ఎలుకజ్వరమని పిలుచుకునే లెప్టోస్పైరోసిస్ వచ్చేది మూత్రంతో. ఎలుకలదీ కావచ్చు, కుక్కదీ కావచ్చు. కాలి మీద పుండు ఉంటే పెరట్లో నిలిచిన నీళ్లలోకి దిగకండి. కుక్కకు ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో పశువుల డాక్టరును అడగండి.

ఇక ఎత్తడం. ఎండిన పెంటను చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ముందు నీళ్లు చిలకరించి, పారతో చేటలోకి ఎత్తండి. ఎక్కువగా వేసే చోట పైమట్టి ఒక అంగుళం గీకి అదీ తీసేయండి. చేతికి గ్లోవ్స్, ముక్కుకు గుడ్డ ఉండాలి. అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ పురుగుల గుడ్లను ఏమీ చేయలేదు.

ఎత్తింది ఎక్కడ పారేయాలన్నదే అందరూ అడిగేది. రోజువారీ కొద్దిపాటిది అయితే కవరు లేకుండా లెట్రిన్‌లో వేసి నీళ్లు కొట్టడం తేలిక. స్థలం ఉన్నవాళ్లు మూడడుగుల గుంత తవ్వి, వేసినప్పుడల్లా మట్టి కప్పి, పైన వాన నీళ్లు దిగని మూత పెట్టుకోవచ్చు. గుంతకూ బావికీ లేదా బోరుకూ మధ్య కనీసం 50 అడుగుల దూరం ఉండాలి, గుంత పల్లంలో ఉండకూడదు. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరే చోట్లున్నాయి. అలాంటి చోట గుంత ఆలోచనే మానుకోండి. ఏ దారీ లేకపోతే గట్టిగా కట్టిన కవరులో చెత్తబండికి ఇవ్వడం నయం. పక్కింటి ఖాళీ ప్లాటులోకి విసరడం మాత్రం ఒక పద్ధతి కాదు. వాన అక్కడా పడుతుంది, ఆ నీళ్లు మన గేటు ముందు నుంచే పారతాయి.

“పేడ వేస్తే మొక్కలు ఏపుగా వస్తాయి కదా, ఇదెందుకు వద్దు?” అని మా మామయ్య ఇప్పటికీ అడుగుతారు. ఆవు గడ్డి తింటుంది, కుక్క మాంసం తింటుంది, దాని కడుపులో ఉండే పురుగులూ వేరు. ఇంట్లో వేసుకునే ఎరువు కుండీలో ఆ గుడ్లు చచ్చేంత వేడి పుట్టదు. తోటకూర, గోంగూర, కొత్తిమీర మళ్ల దరిదాపుల్లోకి దీన్ని రానివ్వకండి.

ఫినాయిల్ పోస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. వాసన పోతుందేమో గానీ గుడ్లు చావవు. పైగా తడి ఆరకముందే తొక్కిన కుక్క పాదాలు నాక్కుంటుంది, పిల్లులకైతే అది ఇంకా విషం. సిమెంటు గచ్చు మీద పెంట పూర్తిగా తీసి, కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ వాడొచ్చు. బ్లీచింగ్‌తో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది. పార్వో (కుక్కలకు నెత్తుటి విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిన కుక్క తిరిగిన పెరడైతే ఇంకో సంగతి: ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లను అక్కడికి తేవద్దు.

వానలు మొదలయ్యాక కుక్కకు ఒక మూల కేటాయించండి. సంపుకు, బావికి దూరంగా రేకు కప్పు వేసి, కింద ఇసుకో ఊకో పోసి, ప్రతిసారీ అక్కడికే తీసుకెళ్తే రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. ఎత్తడం రోజూ తప్పదు. ఈగ గుడ్డు నుంచి ఈగ కావడానికి ఈ వాతావరణంలో వారం, పది రోజులు చాలు.

నులిపురుగుల మందు పెద్ద కుక్కకు మామూలుగా మూడు నెలలకోసారి. మే నెలాఖరున ఒక విడత పడేలా చూసుకోండి. కుక్కపిల్లలకు తల్లి కడుపులోనే, పాలతోనే పురుగులు వస్తాయి కాబట్టి రెండు వారాల వయసు నుంచే మొదలుపెడతారు. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పాలి. ఎత్తేటప్పుడు ఒకసారి చూడండి కూడా: సేమ్యాలాంటివి కనిపిస్తే ఏలికపాములు, బియ్యపు గింజల్లాంటివైతే బద్దెపురుగు ముక్కలు. కుక్కపిల్ల నీచు కంపుతో నెత్తుటి విరేచనం చేస్తే డాక్టరుకు చూపించడానికి రేపటిదాకా ఆగకండి.

పార, చేట పెరటి తలుపు పక్కనే వాన తడపని చోట పెట్టుకోండి. పొద్దున వాటి కోసం వెతుక్కోవాల్సి వస్తే పని సాయంత్రానికి పోతుంది, సాయంత్రానికల్లా మబ్బు పడుతుంది.