అద్దె ఇంటి గుమ్మానికి ఆస్తిపన్ను నోటీసు అంటిస్తే

ముందు నోటీసు మీద ఉన్న పది అంకెల పీటీఐఎన్‌ను (ఆస్తిపన్ను గుర్తింపు నంబరు) జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) సైట్లో కొట్టి చూడండి. ఓనరు పేరు, డోర్ నంబరు రెండూ కలవాలి. పాత ఇళ్లలో అన్ని పోర్షన్లకూ ఒకే పీటీఐఎన్ ఉండొచ్చు. అలాంటప్పుడు మొత్తం బాకీ మీ వాటా కాదు.

బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ. 12,000 బాకీ ఉంటే నెలకు 240 పెరుగుతుంది, కాబట్టి ఓనరు ఫోన్ ఎత్తేదాకా ఆగడం నష్టమే. అయినా ఆయన ఒప్పుకోలు లేకుండా కట్టకండి. "పన్ను కట్టి అద్దెలో మినహాయించుకోండి" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయించుకున్నా చాలు, నోటిమాట మాత్రం వద్దు.

ఇంట్లో నలుగురు అద్దె పంచుకుంటుంటే ఆ 12,000లో తలా 3,000. అద్దె 16,000 అయితే, వచ్చే నెల తలా 4,000 బదులు వెయ్యే పంపాలి. చిక్కొచ్చేది ఈలోపే ఒకరు ఖాళీ చేసినప్పుడు. వాళ్ల 3,000 కొత్తగా దిగినవాళ్ల దగ్గర తీసుకుని తిరిగివ్వాలి. ఇది ముందే అనుకోకపోతే స్నేహాలు చెడతాయి, పాపం.

రసీదు పీడీఎఫ్ ఓనరుకూ పంపండి. రెండు రోజులాగి సైట్లో బకాయి సున్నా అయిందో లేదో చూసుకోండి.